తెర మీద పేర్లు... ఇంట్లో పిల్లలు

సినిమా మొదట్లో పడే పేర్లను కూడా కన్నార్పకుండా చూసేలా చేశారా భార్యాభర్తలు. హాలీవుడ్ అంతా తమ పనిని మెచ్చుకుంటున్న రోజుల్లోనే ఆ పనికి దూరం జరిగారు. ఇద్దరు పిల్లలూ పెరిగి పెద్దయ్యాక, విశ్రాంతి తీసుకునే వయసులో తిరిగొచ్చి మళ్లీ గెలిచారు. మోషన్ డిజైన్‌కు బాట వేసిన సాల్ బాస్, ఎలైన్ బాస్‌ల కథ ఇది.

అది 1955. న్యూయార్క్‌లోని సినిమా హాళ్లకు కొత్త సినిమా రీళ్ల డబ్బాలొచ్చాయి. వాటి మీద ఓ చీటీ. 'పేర్లు పడకముందే తెర లాగండి' అని ఆపరేటర్లకు సూచన.

అదేమంత పెద్ద విషయం అనిపించొచ్చు. కానీ ఆ రోజుల్లో అక్కడి హాళ్లలో పద్ధతి వేరు. వెండితెరకు అడ్డంగా గుడ్డ పరదా ఉండేది. నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లన్నీ చాలాచోట్ల ఆ పరదా మీదే పడిపోయేవి. అవి అయిపోయి కథ మొదలవబోతుందనగా పరదా తీసేవారు. ప్రేక్షకులు ఆ కాసేపట్లో సీటు వెతుక్కోవడమో, పాప్‌కార్న్ పొట్లం విప్పుకోవడమో చేసేవారు. పేర్లు ఎవరు చూస్తారు!

ఆ చీటీ పెట్టించింది దర్శకుడు ఆటో ప్రెమింజర్. సినిమా పేరు 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్'. మత్తుమందుకు బానిసైన ఓ పేకాట డీలర్ కథ. ఫ్రాంక్ సినాట్రా హీరో. తెర తీయగానే అంతా నలుపు. అందులోకి కాగితం ముక్కలాంటి ఓ తెల్లటి పట్టీ దిగుతుంది. దాని పక్కన మరోటి, ఆ పక్కన ఇంకోటి. ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్ సంగీతానికి తగ్గట్టు అవి వస్తూ పోతూ ఉంటాయి. వాటి మధ్యలో పేర్లు. చివరికి ఆ పట్టీలు పోయి, వంకర్లు తిరిగిన ఓ చెయ్యి మిగులుతుంది. సూది మందుకు అలవాటుపడిన మనిషి చెయ్యి అది. ఒక్క మాట లేదు, ఒక్క నటుడి ముఖం లేదు. అయినా రాబోయే కథ ఎలాంటిదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

ఆ కాసేపటి బొమ్మలాటను తయారుచేసింది సాల్ బాస్. అప్పటికి అతనికి 35 ఏళ్లు. ఈరోజు మోషన్ డిజైన్ అని పిలుస్తున్న వృత్తికి పునాది వేసినవాళ్లలో ముందుగా చెప్పుకునే పేరు అతనిదే. అయితే ఆ పేరు పక్కనే చెప్పుకోవాల్సిన మరో పేరు చాలాకాలం వరకూ చాలామందికి తెలియలేదు. ఆమె ఎలైన్. అతని భార్య, సగం పనికి అసలైన హక్కుదారు.

రాత్రిబడి నేర్పిన చదువు

సాల్ 1920 మే 8న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే పిచ్చి. హైస్కూలు అయ్యాక కళాశాలలో చేరి నాలుగేళ్లు తీరిగ్గా చదువుకునే వీలు లేదు. పగలు పని, వీలు చిక్కినప్పుడు ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు. 18 ఏళ్లకే పెళ్లయింది. 1942లో తండ్రయ్యాడు.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. హంగరీ నుంచి వచ్చిన గ్యోర్గి కెపెష్ అనే చిత్రకారుడు బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. బొమ్మ అంటే అందంగా ఉండటం ఒక్కటే కాదనీ, గీత, రంగు, ఖాళీ జాగా... అన్నీ మాటల్లాగే అర్థాన్ని మోస్తాయనీ ఆయన బోధన. దాని మీద 'లాంగ్వేజ్ ఆఫ్ విజన్' అని 1944లో ఓ పుస్తకమే రాశాడు. సాల్ పగలంతా ప్రకటనల పని చేసుకుని, రాత్రిపూట ఆయన క్లాసులో కూర్చునేవాడు. ఇంట్లో చంటిబిడ్డ, బయట ఉద్యోగం, రాత్రి చదువు. తర్వాతి రోజుల్లో అతను చేసిన ప్రతి పనిలోనూ కనిపించే పొదుపు, అంటే ఒక్క గీతతో వంద మాటలు చెప్పే నేర్పు, ఆ రాత్రుళ్లు నేర్పిందే.

1940ల్లోనే లాస్ ఏంజెలిస్ చేరాడు. సినిమాలకు పత్రికా ప్రకటనలు గీయడం అతని పని. హీరో హీరోయిన్ల ముఖాలు పెద్దవిగా వేసి, చుట్టూ సినిమాలోని సన్నివేశాలన్నీ ఇరికించడం అప్పటి ఆనవాయితీ. సాల్ అవన్నీ తీసేసి ఒక్క గుర్తు మిగిల్చేవాడు. ప్రెమింజర్ 1954లో తీసిన 'కార్మెన్ జోన్స్' సినిమాకు అతను వేసిన పోస్టరు దర్శకుడికి నచ్చింది. దాంతో టైటిల్స్ కూడా నువ్వే చెయ్యమన్నాడు. పోస్టర్లో కదలకుండా ఉన్న బొమ్మ తెర మీద కదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన అలా మొదలైంది. మరుసటి ఏడాదికే ఆ వంకర చెయ్యి వచ్చింది.

వచ్చింది సహాయకురాలిగా...

ఎలైన్ మకటురా 1927లో న్యూయార్క్‌లోనే పుట్టింది. అమ్మానాన్నలు హంగరీ వలసదారులు. కొన్నాళ్లు న్యూయార్క్ ఫ్యాషన్ రంగంలో పనిచేసింది. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్ వెళ్లి క్యాపిటల్ రికార్డ్స్ డిజైన్ విభాగంలో చేరింది. అక్కడి నుంచి 1950ల మధ్యలో సాల్ ఆఫీసుకు సహాయకురాలిగా వచ్చింది.

గురువంటూ విడిగా లేడు. పని చేస్తూ నేర్చుకోవడమే. అప్పుడే ఆ ఆఫీసులో ఒకదాని తర్వాత ఒకటిగా చరిత్రలో నిలిచిపోయే పనులు తయారవుతున్నాయి. హిచ్‌కాక్ 'వెర్టిగో' (1958)లో ఓ స్త్రీ కంటిలోంచి సుడులు తిరుగుతూ వచ్చే ఆకారాలు చూస్తే కూర్చున్నవాళ్లకే కళ్లు తిరుగుతాయి. 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో అడ్డంగా, ఏటవాలుగా సాగే గీతలే కాసేపటికి ఓ అద్దాల భవనంగా మారతాయి. ఆ అద్దాల్లో న్యూయార్క్ ట్రాఫిక్ కనిపిస్తుంది. 'సైకో' (1960)లో పేర్లను పట్టీలు ముక్కలు ముక్కలుగా కోసేస్తుంటాయి. మనసు చీలిన మనిషి కథకు అంతకంటే ముందుమాట ఏముంటుంది!

ఎలైన్ చేతికి పెద్ద పని వచ్చింది 'స్పార్టకస్' (1960)తో. ఆ సినిమాలో యుద్ధ సన్నివేశాల రూపకల్పన బాధ్యత కూడా సాల్‌దే. టైటిల్స్‌ను దగ్గరుండి తీయించే పని ఎలైన్ చూసుకుంది. రోమన్ విగ్రహాల చేతులు, ముఖాలు చీకట్లోంచి ఒక్కొక్కటిగా వస్తాయి. చివరికి ఓ రాతి ముఖం పగుళ్లిచ్చి ముక్కలవుతుంది. ఓ సామ్రాజ్యం కూలబోతోందని చెప్పడానికి సైన్యాలు అక్కర్లేదు, ఒక్క పగులు చాలు.

1961లో సాల్, ఎలైన్ పెళ్లి చేసుకున్నారు. అతనికిది రెండో పెళ్లి. మొదటి పెళ్లి ద్వారా ఇద్దరు పిల్లలున్నారు. అదే ఏడాది వచ్చిన 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో పేర్లు సినిమా చివర వస్తాయి. గోడల మీద, తలుపుల మీద, వీధి బోర్డుల మీద పిచ్చిగీతల్లా రాసిన పేర్ల వెంట కెమెరా నెమ్మదిగా వెళుతుంది. విషాదంతో ముగిసిన సినిమా నుంచి ప్రేక్షకుడు తేరుకోవడానికి దొరికిన వ్యవధి అది. మరుసటి ఏడాది 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్'లో ఓ నల్లపిల్లి వీధుల్లో ఠీవిగా నడుచుకుంటూ వచ్చి, ఎదురైన తెల్లపిల్లితో కలబడుతుంది. సినిమా కంటే ఆ పిల్లే బాగుందన్నవాళ్లూ ఉన్నారు!

మూడు నిమిషాలకు 4,320

ఈ పని వెనక ఎంత శ్రమ ఉంటుందో చిన్న లెక్క చెబుతుంది. సినిమా తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. మూడు నిమిషాల టైటిల్స్ అంటే 4,320 ఫ్రేములు. కంప్యూటర్లు లేని కాలం. బొమ్మల్ని గీసుకోవాలి, కాగితాన్ని కత్తిరించుకోవాలి. కెమెరా కింద పెట్టి వెంట్రుకవాసి జరిపి ఓ ఫ్రేమ్ తీయాలి. మళ్లీ జరపాలి, మళ్లీ తీయాలి.

'వెర్టిగో' సుడులకైతే ఆ పద్ధతీ సరిపోలేదు. అంత నిక్కచ్చిగా తిరిగే వంపుల్ని చేత్తో గీయడం కష్టం. జాన్ విట్నీ అనే ప్రయోగశీలి అందుకు సాయపడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీదికి ఫిరంగిని గురిపెట్టేందుకు వాడిన లెక్కల యంత్రాన్ని బొమ్మలు గీసే సాధనంగా మార్చాడు. యుద్ధం కోసం పుట్టిన యంత్రం చివరికి ఓ సినిమాలో కలల్ని గీసింది.

ఇంకో లెక్క కూడా ఉంది. ప్రతి పేరూ చదవడానికి సరిపడా సేపు తెర మీద ఉండాలి. ఎవరి పేరు ముందు, ఎవరిది ఎంత పెద్దది అన్నది ఒప్పందాల్లో రాసుకుంటారు. సంగీతం ఎక్కడ లేస్తుందో అక్కడ బొమ్మా లేవాలి. దర్శకుడికి నచ్చాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య కొత్తదనం చూపాలి. విడుదల తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. సినిమా పూర్తయ్యే వేళకు మొదలై, అందరికంటే చివర గడువుతో పరుగులు తీసే పని ఇది. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ పరుగు ఎలా ఉంటుందో, గడువులున్న ఉద్యోగం చేసే ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు.

పేరు వెలిగిన వేళే పక్కకు

1964లో కూతురు జెనిఫర్ పుట్టింది. 1967లో కొడుకు జెఫ్రీ. అప్పటికి సాల్‌కు 47 ఏళ్లు, ఎలైన్‌కు 40.

అప్పటిదాకా ఏటా రెండు మూడు సినిమాలకు తక్కువ కాకుండా చేసిన చేతులు నెమ్మదించాయి. 'గ్రాండ్ ప్రి', 'సెకండ్స్' (1966) తర్వాత టైటిల్స్ పని దాదాపు ఆగిపోయింది. మధ్యలో ఒకటీ అరా తప్ప ఇరవై ఏళ్ల పాటు ఆ జంట పేరు వెండితెర మీద మళ్లీ పెద్దగా కనిపించలేదు. కుటుంబానికి సమయం ఇవ్వాలనుకోవడం ఒక కారణం. సినిమా మారిపోవడం మరో కారణం. 1960ల చివరికొచ్చేసరికి కొత్త దర్శకులకు కథలోకి నేరుగా దూకేయడం ఇష్టం. ముందుమాట రాసేవాళ్లతో పని తగ్గింది. రెండూ కలిసొచ్చాయి.

పక్కకు జరగడమంటే చేతులు కట్టుక్కూర్చోవడం కాదు. తమ చేతిలో పగ్గాలుండే పనులవైపు మళ్లారు. అందులో మొదటిది లఘుచిత్రాలు. జెనిఫర్ పుట్టిన ఏడాదే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో రెండు సినిమాలు చూపించారు. కొడాక్ సంస్థ కోసం తీసిన 'ద సెర్చింగ్ ఐ'లో సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడిచే ఓ పిల్లవాడు లోకాన్ని ఎలా చూస్తాడన్నదే కథ. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కోసం తీసిన 'ఫ్రమ్ హియర్ టు దేర్'లో విమానాశ్రయంలో వీడ్కోలు చెప్పుకునే మనుషులు, మళ్లీ కలుసుకునే మనుషులు కనిపిస్తారు. పిల్లలకు పుస్తకం బొమ్మలు వేయడం కూడా సాల్‌కు తెలుసు. లియొనోర్ క్లైన్ రాసిన 'ఆన్రీస్ వాక్ టు పారిస్' అనే బాలల పుస్తకానికి 1962లోనే అతను బొమ్మలు వేశాడు. పిల్లల కోసం అతను బొమ్మలు వేసిన పుస్తకం అదొక్కటే. యాభై ఏళ్ల తర్వాత 2012లో మళ్లీ అచ్చయింది.

జెఫ్రీ పుట్టిన మరుసటి ఏడాది, 1968లో వచ్చింది 'వై మ్యాన్ క్రియేట్స్'. మనిషి ఎందుకు సృష్టిస్తాడు అన్న ప్రశ్న చుట్టూ తిరిగే పాతిక నిమిషాల సినిమా. అందులో ఓ చిన్న కథ. బంతుల కర్మాగారంలో తయారైన బంతులన్నీ ఒకే ఎత్తుకు ఎగరాలి. ఓ బంతి మాత్రం మిగతావాటి కంటే ఎక్కువ ఎత్తుకు ఎగురుతుంది. పనికిరాదని పక్కన పడేస్తారు. అది దొర్లుకుంటూ బయటికెళ్లి తన దారి తాను వెతుక్కుంటుంది. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథేముంది! పెద్దలు వినాల్సిన కథ కూడా ఇదే. ఆ సినిమాకు ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది. 2002లో అమెరికా ప్రభుత్వం భద్రపరచే సినిమాల జాబితాలోనూ చేరింది.

ఇక ఇల్లు గడవడానికి, ఆఫీసు నడవడానికి సంస్థల గుర్తులు. అంటే లోగోలు. 1969లో బెల్ టెలిఫోన్ గంట, 1974లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అక్షరం, 1978లో మినోల్టా కెమెరాల గుర్తు, 1983లో ఏటీ అండ్ టీ నీలి గోళం... అన్నీ ఆ ఆఫీసు నుంచి వచ్చినవే. అమెరికాలో ఏ వీధిలో నిలబడి చూసినా వాళ్ల పని ఏదో ఒకటి కనిపించేది. అది చేసిందెవరో మాత్రం దారినపోయేవాళ్లకు తెలిసేది కాదు.

అన్నీ కలిసిరాలేదు. సాల్ పూర్తి నిడివి సినిమా ఒక్కటే తీశాడు. చీమలు తెలివిమీరి మనుషులతో తలపడే 'ఫేజ్ ఫోర్' (1974). అది ఆడలేదు. మళ్లీ మరో పెద్ద సినిమా తీసే అవకాశం రాలేదు. అయినా చిన్న సినిమాలు మానలేదు. 1977లో 'నోట్స్ ఆన్ ద పాపులర్ ఆర్ట్స్', 1980లో సౌరశక్తి మీద తీసిన 'ద సోలార్ ఫిల్మ్' ఆస్కార్ పోటీ దాకా వెళ్లాయి.

మళ్లీ పిలుపు

ఇరవై ఏళ్లు. ఏ రంగంలోనైనా మరిచిపోవడానికి చాలినంత కాలం. కానీ ఆ ఇరవై ఏళ్లలో మరోటి కూడా జరిగింది. 'వెర్టిగో', 'సైకో' చూస్తూ పెరిగిన కుర్రాళ్లు దర్శకులయ్యారు. చిన్నప్పుడు తమను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన ఆ పేర్లు వాళ్ల మనసులోంచి పోలేదు.

1987లో జేమ్స్ ఎల్. బ్రూక్స్ తన 'బ్రాడ్‌కాస్ట్ న్యూస్' కోసం కబురు పెట్టాడు. అప్పటికి సాల్‌కు 67, ఎలైన్‌కు 60. కూతురికి 23, కొడుక్కి 20. మరుసటి ఏడాది 'బిగ్', ఆ తర్వాత 'ద వార్ ఆఫ్ ద రోజెస్' (1989). ఇందులో పేర్ల వెనక మెత్తటి తెల్లబట్ట మడతలు కనిపిస్తాయి. పట్టు దుప్పటేమో, పెళ్లికూతురి గౌనేమో అనుకుంటూ ఉంటాం. తీరా చూస్తే అది చేతిరుమాలు. ఓ పాత్ర దాంతో ముక్కు చీదుకుంటుంది! విడాకుల మీద తీసిన హాస్యచిత్రానికి భలే మొదలు.

ఆ తర్వాత మార్టిన్ స్కోర్సెసీ. ఆయన సినిమాలు నాలుగు వాళ్ల చేతి మీదుగా మొదలయ్యాయి. 'గుడ్‌ఫెలాస్' (1990)లో పేర్లు రోడ్డు మీద కార్లలా ఝుమ్మని దూసుకుపోతాయి. 'కేప్ ఫియర్' (1991)లో కదిలే నీళ్ల మీద భయపెట్టే నీడలు. 'ద ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' (1993)లో లేసు అల్లికల వెనక పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటాయి. మర్యాదల మాటున అణచుకున్న ప్రేమకథ అది. పువ్వు విచ్చుకోవడాన్ని అంత ఓపిగ్గా చూపించడం తొందరలో ఉన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. 'కెసినో' (1995)లో పేలిన కారులోంచి ఎగిరిన మనిషి మంటల్లో, లాస్ వేగాస్ దీపాల్లో దొర్లుతూ పడిపోతుంటాడు.

అదే వాళ్ల ఆఖరి టైటిల్స్. 1996 ఏప్రిల్ 25న సాల్ కన్నుమూశాడు. 75 ఏళ్ల వయసులో, చివరి పని హాళ్లలోకి వచ్చిన కొద్ది నెలలకే.

ఈ రెండో ఇన్నింగ్స్‌లో ఓ తేడా ఉంది. మొదటి దశలో ఎక్కువగా కత్తిరించిన కాగితాలు, గీతలు, ఆకారాలు. రెండో దశలో నీళ్లు, పువ్వులు, బట్ట, నిప్పు. చూసే కన్ను అదే. అయితే చుట్టూ ఉన్న చిన్న చిన్న వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగడం అలవాటైంది. ఇరవై ఏళ్లు వృథా పోలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అతని పేరు వెనక ఆమె

అయితే ఈ కథలో ఓ లెక్క తేలాల్సి ఉంది.

ఆఫీసు పేరు సాల్‌ది. పాత సినిమాల్లో టైటిల్స్ చేసిందెవరంటే పడేది ఎక్కువగా సాల్ పేరే. పత్రికల్లో వ్యాసాలు, పాఠ్యపుస్తకాల్లో ప్రస్తావనలు అన్నీ ఆయన గురించే. పెళ్లి కాకముందు సహాయకురాలు, పెళ్లయ్యాక భార్య, ఆపైన పిల్లల తల్లి. అందుకే ఎలైన్ పనిని విడిగా గుర్తించడం చాలామందికి తట్టలేదు. పైగా పని తగ్గించుకున్న ఏళ్లలో అతని లోగోలు లోకమంతా కనిపిస్తూనే ఉన్నాయి. ఇంటి పని ఏ తెర మీదా కనిపించదు. దానికి టైటిల్స్ ఉండవు. ఇద్దరూ కలిసి పక్కకు జరిగినా, చెల్లించిన మూల్యం ఇద్దరికీ ఒకటి కాదు.

రెండో దశలో ఆ లెక్క కొంత సరిపడింది. ఈ కాలపు టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ కలిసి కనిపిస్తాయి. మిగతాది సరిచేసింది కూతురు. చిన్నప్పుడు అమ్మానాన్నల పనిని పక్కనుంచి చూసిన జెనిఫర్ పెద్దయ్యాక తనూ డిజైనరయింది. ఎలైన్ పాత్ర మీద పరిశోధించిన చరిత్రకారిణి ప్యాట్ కిర్కమ్‌తో కలిసి 2011లో తండ్రి జీవితం, పని మీద ఓ పెద్ద పుస్తకం తెచ్చింది. స్కోర్సెసీ ముందుమాట రాశాడు. ఏ టైటిల్స్‌లో ఎవరి ఆలోచన ఎంత, ఎలైన్ ఎక్కడెక్కడ పనిచేసింది అన్నది అందులో విడమరిచి చెప్పారు. ఏ పిల్లల కోసం తల్లి పని తగ్గించుకుందో ఆ పిల్లల్లో ఒకరే తల్లి పేరును వెలుగులోకి తెచ్చారు.

మన ఇళ్లలోనూ...

కాగితాలు, కత్తెరల స్థానంలోకి కంప్యూటర్లొచ్చాయి. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ స్టూడియోలకు ఇప్పుడు కొదవ లేదు. ఇంట్లోనే ఓ గదిలో కంప్యూటర్ పెట్టుకుని ఎక్కడెక్కడి సంస్థలకో పనిచేసే మోషన్ డిజైనర్లూ ఉన్నారు. సాధనాలు మారినా చిక్కులు మారలేదు. దర్శకుడికి నచ్చాలి, గడువు ఆగదు, పక్కగదిలో బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. పైగా ఏటా కొత్త సాఫ్ట్‌వేర్. రెండేళ్లు ఆగితే వెనకబడిపోతామన్న భయం. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన తల్లుల్ని ఆ భయమే తిరిగి రానివ్వదు.

సాల్, ఎలైన్‌ల కథ ఆ భయాన్ని పూర్తిగా పోగొట్టకపోవచ్చు. వాళ్లకు అప్పటికే పేరుంది, సొంత ఆఫీసుంది. అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. కానీ ఒక్క విషయం మాత్రం స్పష్టంగా చెబుతుంది. వాళ్లు పని తగ్గించారే గానీ చెయ్యి ఆపలేదు. పెద్ద సినిమాలు లేనప్పుడు చిన్న సినిమాలు, అవీ లేనప్పుడు ఓ గుర్తు, ఓ పోస్టరు. సాధనాలు పాతబడతాయి. చూసే కన్ను, దేన్ని తీసేయాలో దేన్ని ఉంచాలో తెలిసిన బుద్ధి పాతబడవు.

ఆ మాటకొస్తే పిల్లల్ని పెంచడం, టైటిల్స్ చేయడం ఒక చోట కలుస్తాయి. రాజమౌళి 'ఈగ' (2012) ఎలా మొదలవుతుందో గుర్తుందా? నిద్రపోయే వేళ ఓ పాప నాన్నను కథ చెప్పమంటుంది. ముందు ఆయన బద్ధకిస్తాడు. పాప ఊరుకోదు. ఇక తప్పక ఈగ కథ మొదలుపెడతాడు. పిల్లలకు కథ చెప్పిన ఎవరికైనా తెలుసు, మొదటి రెండు మాటల్లో పట్టుకోకపోతే వాళ్లు వినరు. సాల్, ఎలైన్ జీవితమంతా సాధన చేసింది ఆ మొదటి రెండు మాటల్నే.

మోషన్ డిజైన్ అంటే...

* అక్షరాలకు, బొమ్మలకు, గుర్తులకు కదలిక ఇచ్చి అర్థం చెప్పించడమే మోషన్ డిజైన్. కార్టూన్ సినిమాలో పాత్రలు కదులుతాయి. ఇందులో ఎక్కువగా అక్షరాలు, ఆకారాలు కదులుతాయి.

* మనం రోజూ చూస్తూనే ఉంటాం. వార్తా ఛానల్ మొదట్లో తిరిగే గోళం, వాతావరణ పటం మీద కదిలే మబ్బులు, క్రికెట్ మ్యాచ్‌లో స్కోరు పట్టీ, ఫోన్‌లో నొక్కగానే ఎగిరే గుర్తు... అన్నీ ఈ పనే.

* సాఫ్ట్‌వేర్ ఒక్కటి వస్తే చాలదు. అక్షరాల అందం, రంగుల పొందిక, సంగీతంలో తాళం తెలియాలి. అన్నిటికంటే ముందు, చెప్పాల్సిన సంగతిని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

* పిల్లలకు ఆసక్తి ఉంటే కంప్యూటరే కొనివ్వక్కర్లేదు. పాత నోటుపుస్తకం అంచున పేజీకో బొమ్మ చొప్పున కొద్దికొద్దిగా మార్చి గీసి, పేజీలు గబగబా తిప్పితే బొమ్మ కదులుతుంది. మొదటి పాఠం అదే.

'కెసినో' వచ్చినప్పుడు హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరూ పరదా గురించి ఆలోచించి ఉండరు. పేర్లు పడుతుంటే తెర తీసే ఉంటుంది, అందరి చూపూ దాని మీదే ఉంటుంది. నలభై ఏళ్ల కిందట డబ్బాల మీద అంటించిన ఆ చీటీతో ఇక అవసరం లేదు. ఇంటి పనికి మాత్రం ఇప్పటికీ టైటిల్స్ లేవు. ఆ పేరు వేయాల్సింది ఇంట్లోవాళ్లే. జెనిఫర్ చేసింది అదే.